మాట నీది, మెడ ఎవరిది?

లొంగిపోయిన గాబ్లిన్ పిల్లను నరకొచ్చా, నరకకూడదా? యాభై ఏళ్ళుగా ఆటగాళ్ళు ఈ ప్రశ్న మీద బల్లలు గుద్దుకుంటున్నారు. నన్నడిగితే ఇది దొంగ ప్రశ్న. కత్తి పట్టినవాడి పుణ్యం ఉంటుందా ఊడుతుందా అని తప్ప, కత్తి కింద వణుకుతున్న పిల్ల గురించి ఒక్క ముక్క కూడా అడగని ప్రశ్న.

ఆట తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఆట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. కొండలు, కోటలు, రాజులు, గాబ్లిన్ల లాంటి రాక్షసులు, ఆఖరికి దేవుళ్ళు కూడా ఆ ఒక్కరి నోట్లోంచే వస్తారు. ఆ మనిషి డంజన్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక వేషం కట్టి, ఇరవై ముఖాల పాచిక విసురుతూ, కథలో తమ దారి తాము వెతుక్కుంటారు. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా మన పిల్లలు శనివారం రాత్రిళ్ళు మేలుకుని ఆడుతున్న ఆటల్లో ఇదొకటి.

1975లో ఈ ఆటలోకి పాలడిన్ దిగాడు. షార్లమేన్ చక్రవర్తి కొలువులోని పన్నెండు మంది వీరుల గాథలూ, పోల్ ఆండర్సన్ రాసిన ఒక నవలా కలిసి కన్న బిడ్డ. దేవుడి ఎదుట ప్రమాణం చేసిన యోధుడు. తాకితే గాయాలు మానతాయి, రోగం దరిచేరదు, చెడు ఎక్కడ నక్కిందో దూరం నుంచే పసిగడతాడు. 1978 నాటి నియమాల పుస్తకం ఈయనకు పెట్టిన షరతులు చూస్తే ముచ్చటేస్తుంది. పదికి మించి మంత్ర వస్తువులు ఉంచుకోరాదు. రాబడిలో పదో వంతు దానమివ్వాలి. చెడ్డవాళ్ళతో సావాసం పనికిరాదు. తెలిసి ఒక్క చెడ్డ పని చేశాడా, దేవుడిచ్చిన శక్తి మళ్ళీ రాకుండా పోతుంది.

ఎంత నిష్ఠ! సన్యాసం పుచ్చుకున్నట్టే ఉంది. ఒక్కసారి మళ్ళీ చదవండి. ఈ షరతులన్నీ ఆయన సంచీ గురించి, ఆయన సావాసాల గురించి, ఆయన శక్తి గురించి. కత్తి దిగేవాడి గురించి ఒక్కటైనా ఉందా? దానికి వేరే పట్టిక ఉంది. తొమ్మిది గళ్ళ పట్టిక. ఒకవైపు ధర్మబద్ధం, మధ్యస్థం, అరాచకం. ఇంకోవైపు మంచి, నడిమి, చెడు. ప్రతి జాతినీ ముందే ఏదో ఒక గడిలో కూర్చోబెట్టేశారు. గాబ్లిన్లు చెడు. ఓర్కులు చెడు. ఏ తల్లి కడుపున పడ్డదో దాన్నిబట్టి పుట్టకముందే తీర్పు అచ్చయిపోయింది. కులం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే మనవాళ్ళు ఆ పట్టికను చూసి కిక్కురుమనకుండా పాచికలు విసురుతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇలా అచ్చేసినవాడి మనసులో ఏముందో ఆయనే చెప్పాడు. 2005లో ఆటగాళ్ళు గైగాక్స్‌నే ఈ సంగతి అడిగారు. లొంగిపోయి, మంచి దారికి వస్తానని ఒప్పుకున్న బందీని సైతం, మళ్ళీ పాత బుద్ధి పుట్టకముందే పాలడిన్ చంపేయవచ్చన్నాడు. పిల్లల మాటకొచ్చేసరికి పేను గుడ్డే కదా రేపు పేను అవుతుందన్న అర్థమొచ్చే పాత సామెతను గుర్తుచేశాడు.

ఆ సామెత వెనకో నెత్తుటి మడుగు ఉంది. 1864 నవంబరు 29న కొలరాడోలో శాండ్ క్రీక్ ఒడ్డున గుడారాలు వేసుకుని ఉన్న షయెన్, అరపాహో ప్రజల మీద కర్నల్ జాన్ చివింగ్టన్ పటాలం పడింది. నూట యాభై మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. పిల్లల్ని కూడా ఎందుకు చంపాలంటే ఆ కర్నల్ చెప్పినట్టుగా చరిత్రలో మిగిలిన కారణం ఇదే పేను గుడ్ల సామెత. ఈ కర్నల్ పటాలంలో చేరకముందు మెథడిస్టు చర్చిలో పాస్టరు. దైవసేవకుడు, యోధుడు, రెండూ ఒకే ఒంట్లో. అసలు సిసలు పాలడిన్. ఆట పుస్తకం ఊహించి రాసిన వేషం ఒకప్పుడు గుర్రమెక్కి తిరిగిందన్నమాట.

మాది జనగామ. ఆ గుర్రాన్ని కింది నుంచి చూసిన ఊరు మా పక్కనే ఉంది. బైరాన్‌పల్లి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసింది గానీ 1948లో అది జనగామ తాలూకా. ఆ గుర్రమెక్కి వచ్చిన రజాకార్లు ఎవరు? నిజాం రాజ్యం కోసం ప్రాణమైనా ఇస్తామని ఒట్టేసి కాసిం రజ్వీ వెంట నడిచినవాళ్ళు. అద్దంలో చూసుకుంటే వాళ్ళకు వాళ్ళు పవిత్ర యోధులే. బైరాన్‌పల్లి వాళ్ళు ఊరి బురుజు మీద కాపలా పెట్టుకుని, వచ్చినవాళ్ళను తరిమికొట్టారు. ఆగస్టు 27న రజాకార్లు ఈసారి నిజాం బలగాల అండతో వచ్చి ఊరి మీద పడ్డారు. వంద మంది దాకా చనిపోయారు. ఆ పొద్దు ఆ ఊళ్ళో ఉన్న పిల్లకు, పుస్తకంలోని గాబ్లిన్ పిల్లకు తేడా ఏమిటో నాకు చెప్పండి. పట్టికలో గడి తప్ప.

ఇది ఒక మతం కథ అనుకునేవాళ్ళు కూడా ఉంటారు. అందుకే ఇంకో రెండు సంగతులు చెప్పి తీరాలి. బైరాన్‌పల్లికి అయిదారు రోజుల ముందు హైదరాబాదులో ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు నడివీధిలో చంపారు. రాత రాసే చేతిని నరికారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన నేరం. ఇక నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 తర్వాత కత్తులు చేతులు మారాయి. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ సంస్థానంలోని పలు జిల్లాలు తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని లెక్క వేసింది. అందులో అత్యధికులు ముస్లింలు, అత్యధికం మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. అప్పుడు చంపినవాళ్ళు కూడా దేవుణ్ణి తలుచుకునే చంపి ఉంటారు. ఒట్లు మారాయి, గళ్ళు మారాయి, పేను గుడ్ల సామెత మాత్రం మారలేదు.

ఇంతకీ ప్రమాణం అంటే ఏమిటి? నా జవాబు ఒక్కటే. ఒట్టు వేసినవాడే దాని ఖర్చు భరిస్తే అది ప్రమాణం. ఖర్చు పక్కవాడి మెడ మీద వేస్తే అది దౌర్జన్యం. కవచం ఎంత మెరిసినా సరే.

దీనికి సాక్ష్యం వెతుక్కుంటూ ఫ్రాన్సుకు పోనక్కర్లేదు. పోయినా పెద్ద లాభం లేదు. అక్కడి పాలడిన్లకు పెద్దన్న రోలాండ్ పరువు కోసం కొమ్ము ఊదకుండా మొండికేసి, వెంట ఉన్న సేనంతటినీ కొండ సందులో చంపించుకున్నాడని వాళ్ళ గాథే చెబుతుంది. మన సాక్ష్యం ఒక్క మండలంలో దొరుకుతుంది. జనగామ జిల్లా పాలకుర్తి మండలం. పాలకుర్తి సోమనాథుడిది, పక్కనే బమ్మెర పోతనది. తెలుగులో శపథాల గురించి గట్టిగా ఆలోచించిన కవులు ఇద్దరు ఒకే పొలిమేరలో దొరకడం మన అదృష్టం. మనమే పట్టించుకోలేదు.

సోమనాథుడి బసవపురాణం 13వ శతాబ్దపు ద్విపద కావ్యం. చాకలి, కుమ్మరి, బోయ అందులో వీరులు. రాజుకు తల వంచనివాళ్ళు. ఆ ఘనత ఎవరూ తీసెయ్యలేరు, నేనూ తీసెయ్యను. కానీ అదే కావ్యంలో కత్తి ఎవరి మీద దిగుతుందో చూస్తూ చదవండి. బిజ్జల రాజు భక్తుల కళ్ళు పీకిస్తాడు. జగద్దేవుడు మల్లయ్య, బొమ్మయ్యలతో కలిసి ఆ రాజును చంపుతాడు. అక్కడ ఆ హత్య పాపం కాదు, భక్తుడు తీర్చుకోవలసిన బాకీ. రాజు చేసిన దారుణం చిన్నదేం కాదు కాబట్టి ఇక్కడ నోరు కాస్త తడబడుతుంది. సిరియాళుడి దగ్గరికొచ్చేసరికి తడబడే పని లేదు. జంగముడి వేషంలో వచ్చిన శివుడు అడిగాడని కన్నకొడుకును కోసి వండిపెట్టాడు. శివుడు ఆ పిల్లవాణ్ణి మళ్ళీ బతికిస్తాడు, నిజమే. కానీ ఆ పిల్లవాడు ఏ వ్రతం పట్టాడని? ఏ ఒట్టు వేశాడని? తండ్రి భక్తికి బిడ్డ ఒళ్ళు కూరైంది. ఇప్పుడు అదే పుస్తకంలో కన్నప్ప కథకు పోండి. శివుడి కంట నెత్తురు కారితే ఆ బోయవాడు పక్కవాడి కంటి కోసం చూడలేదు. తన కంట్లోనే బాణం దించుకున్నాడు. రెండో కంటికి కూడా సిద్ధపడ్డాడు. భక్తులు నన్ను తిట్టుకున్నా సరే, ఒకటే పుస్తకంలో ఉన్న ఈ ఇద్దరినీ ఒకే గడిలో పెట్టడం నాకు చేతకాదు. కన్నప్పది ప్రమాణం. సిరియాళుడిది కాదు.

పోతన భాగవతం దగ్గరికి పోతే పట్టికే చిరిగిపోతుంది. బలి చక్రవర్తి ఎవరు? దానవుడు. ఆట పుస్తకం లెక్కన చెడు గడి, పాలడిన్ ముక్కుకు దూరం నుంచే వాసన కొట్టాల్సినవాడు. వచ్చిన వటువు ఎవరు? సాక్షాత్తూ విష్ణువు, అదీ మారువేషంలో. గురువు శుక్రాచార్యుడు పక్కకు పిలిచి అసలు సంగతి విప్పి చెప్పాడు. ఇలాంటి చోట అబద్ధమాడినా పాపం రాదని శాస్త్రం కూడా చూపించాడు. తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. మాట తప్పమని చెప్పింది గురువు, మోసం చేస్తున్నది దేవుడు, మాట మీద నిలబడింది దానవుడు. ఇంతకంటే పెద్ద ధర్మసంకటం ఏ డంజన్ మాస్టరు రాశాడో చూపించండి. బలి ఖర్చు ఎవరి మీద వేశాడు? రాజ్యం పోయింది, గురువు శాపం తగిలింది, మూడో అడుగుకు తన తలే వంచాడు. పక్కింటి పిల్లను పట్టుకొచ్చి దాని నెత్తి చూపించలేదు. పాలడిన్ అనే మాటకు అర్హుడు మన సాహిత్యంలో ఎవరైనా ఉన్నారంటే నా ఓటు ఆ రాక్షసుడికే.

బలి పక్కన ఇంకొకరిని నిలబెట్టి చూడండి. మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రుడున్నాడు. మా వైపు పంతాలకు పోయేవాళ్ళందరికీ ఇష్టదైవం. శివరాత్రికి జాతర. ఈయన శివుడి జటలోంచి పుట్టినవాడు, దక్షయజ్ఞం ధ్వంసం చేయడానికే పుట్టినవాడు. కొత్త నియమాల్లో ప్రతీకార ప్రమాణం అని పాలడిన్లకు ఒక దారి ఉంది. ఆ దారి పట్టే కుర్రాళ్ళంతా, తెలిసో తెలియకో, వీరభద్రుణ్ణే ఆడుతున్నారు. కానీ వీరభద్రుడికి ధర్మసంకటం లేదు. పంపినవాడు శివుడు, పని తల నరకడం, అంతే. అందుకే ఆ కథ అక్కడితో ఆగలేదు. తర్వాత శివుడే వచ్చి దక్షుడికి మేక తల పెట్టించి బతికించాల్సి వచ్చింది. పంపినవాడే వచ్చి నష్టం పూడ్చాడు. మన ఆటల్లో పంపిన దేవుడు మళ్ళీ ఎన్నడైనా వచ్చాడా? కాలిపోయిన గాబ్లిన్ల గుడిసెల దగ్గర ఒక్క బకెట్ నీళ్ళు పోశాడా? తర్వాతి గుహకు దారి చూపించి మాయమైపోతాడు.

కురవి మాట వచ్చింది కాబట్టి మొక్కు సంగతి కూడా. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాష్ట్రం వచ్చిన మొక్కు తీర్చుకోవడానికి కురవి వీరభద్రుడికి బంగారు మీసాలు పెట్టారు. అదే వారం తిరుమల వెంకన్నకు కోట్ల రూపాయల నగలు. మొక్కుకున్నది ఆయన, సొమ్ము ప్రభుత్వానిది. నా లెక్కలో సంగతి సిరియాళుడిదే. ఇక్కడ కత్తి లేదు, చెక్కు పుస్తకం ఉంది.

ధర్మబద్ధం అనే గడి ఇంకా ప్రమాదం. అడవి అంచున నిలబడి చూస్తే గానీ దాని రంగు తెలియదు. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కాకతీయులు కట్టిన ఘనపురం కోటగుళ్ళు చూడండి. రాజ్యం, శాసనం, శిల్పం, అన్నీ పద్ధతిగా. 2019లో ములుగు జిల్లా విడిపోయేదాకా ఇదే జిల్లాలో ఉన్న మేడారానికి పోయి అదే కాకతీయుల గురించి అడగండి. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం కోయగూడేల మీదికి వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు పోరాడి పోయారని, జంపన్న సంపెంగ వాగులో దూకాడని చెబుతారు. పన్ను వసూలుకు వచ్చిన ఆ సైనికులు పద్ధతిగానే వచ్చారు. రాజు మాట, రాజ్యం చట్టం. పుస్తకం లెక్కన గూడెంలో ఉన్నవాళ్ళే అరాచకులు. రెండేళ్ళకోసారి జనం లక్షలకు లక్షలుగా పోయి మొక్కుతున్నది ఏ గడిలోని వాళ్ళకు? మన జనం ఆ తొమ్మిది గళ్ళ తీర్పును ఎన్నడో కొట్టేశారు.

ఇంకా దగ్గరి కాలానికి రండి. 1999. ఇప్పటి భూపాలపల్లి జిల్లా అడవులే. ఏప్రిల్ 13న మాజీ స్పీకర్ దుద్దిళ్ళ శ్రీపాదరావును మహదేవ్‌పూర్ వైపు అడవుల్లో పీపుల్స్‌వార్ దళం కాల్చి చంపింది. పేదల కోసం ప్రాణాలిస్తామని ప్రమాణం చేసినవాళ్ళే. అదే ఏడు డిసెంబరు 2న కొయ్యూరు అడవుల్లో ఆ పార్టీ కేంద్ర కమిటీ సభ్యులు ముగ్గురు, నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేష్, ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. రాజ్యాంగం మీద ప్రమాణం చేసి యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఒకవైపు, ఎర్రజెండా కింద ప్రమాణం చేసి తుపాకి పట్టుకున్నవాళ్ళు ఒకవైపు. రెండు వైపులా ఉన్న మాట ఒక్కటే: మేం ఒట్టేశాం, కాబట్టి మేం చేస్తే న్యాయం. మధ్యలో గూడేల వాళ్ళు రాత్రి ఒకరికి అన్నం పెట్టి, పొద్దున ఇంకొకరికి సంజాయిషీ చెప్పుకున్నారు. వాళ్ళు ఏ ఒట్టూ వేయలేదు.

ఆట పుస్తకాలకు అసలు తట్టని సంకటం ఇంకోటి ఉంది. ఒట్టు ఎప్పుడు తీరుతుంది? 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య పడిపోయాడు. వడిసెలలు పట్టిన జనం తర్వాత తుపాకులు పట్టారు. నిజాంను, దొరలను దించుతామని ఒట్టు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. ఇప్పుడు తుపాకి దించాలా? దించితే గుంజుకున్న భూముల కోసం దొరలు తిరిగొస్తారు. దించకపోతే భారత సైన్యంతో తలపడాలి. రావి నారాయణరెడ్డి లాంటి కమ్యూనిస్టు నాయకులు ఆపాలన్నారు, ఇంకొందరు ఆపితే ద్రోహమన్నారు. తేల్చుకునేసరికి 1951 అక్టోబరు వచ్చింది. ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ మూడేళ్ళలో. ప్రమాణం నిలబెట్టుకోవడం కష్టమని అందరూ చెబుతారు. ప్రమాణం ముగిసిందని గుర్తుపట్టడం అంతకు పదిరెట్లు కష్టం. పాలడిన్ ఆడే ఒక్క కుర్రాడికైనా ఈ చిక్కు ఎదురైందా?

ఎదురవదు. ఎందుకంటే ఇప్పుడు ప్రమాణాలకు రేటు పెట్టారు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 కంప్యూటర్ ఆటలో మాట తప్పిన పాలడిన్ ముందు ఒక నల్లని యోధుడు ప్రత్యక్షమవుతాడు. పాత ప్రమాణం మళ్ళీ కావాలంటే వెయ్యి బంగారు నాణేలు. కడితే చాలు, పుణ్యం తిరిగొస్తుంది. చచ్చినవాళ్ళు? వాళ్ళ ఊసే లేదు. వాళ్ళ ఇళ్ళకు ఆ వెయ్యిలో ఒక్క నాణెమైనా పోదు. మన ఆఫీసుల్లో బల్ల కింద చేతులు చూసిన వాడికి ఇది కొత్తేమీ కాదు గానీ, లంచానికి ప్రాయశ్చిత్తమని పేరు పెట్టే ధైర్యం మన గుమస్తాలకు కూడా లేదు. పోనీ, ఆ ఆట చేసినవాళ్ళకు మర్యాదగా ఒక మాట: ప్రమాణం తప్పితే ఏదో అవుతుందని చూపించారు, అదొక్కటి మెచ్చుకోవాలి. చాలా బల్లల దగ్గర అదీ లేదు.

డంజన్ మాస్టర్లూ, మీ సంగతి కూడా ఉంది. పాలడిన్ వేషం కట్టినవాణ్ణి పడగొట్టాలని మీరు పన్నే ఉచ్చులు నాకు తెలుసు. ఎడమకు పోతే ఊరు తగలబడుతుంది, కుడికి పోతే పిల్ల చస్తుంది, రెంటిలో ఏది చేసినా నీ ప్రమాణం పోయింది, హిహిహి. దాన్ని ధర్మసంకటం అనరు. బంటును ఇరికించే ఎత్తు అంటారు. బలికి శుక్రాచార్యుడు తలుపు తెరిచి చూపించాడు. తలుపు తెరిచి ఉండగా నిలబడ్డాడు కాబట్టే ఆయన నిలబడ్డట్టు. అన్ని తలుపులూ మూసి, నడవలేదేమని దండించేవాడు మాస్టరు కాదు, దొర. ఇంకో సంగతి. నీ బల్ల దగ్గర దేవుడు నువ్వే. చెడు జాతిని పుట్టించిందీ నువ్వే, ఆ జాతి పిల్లను కత్తి కింద పెట్టిందీ నువ్వే. పాపం మాత్రం పాలడిన్ ఖాతాలో రాస్తావా?

ఆటగాళ్ళూ నవ్వకండి. దారి తప్పిన జేబుదొంగను నరికి, పక్కవాళ్ళు నోరెళ్ళబెడితే, నా పాత్ర అలాంటిది, నా ప్రమాణం అలాంటిది అంటారే, ఆ ముక్క వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. పాత్రను రాసుకున్నది ఎవరు? ఆ ప్రమాణం ఏరుకున్నది ఎవరు? పై అధికారి చెప్పాడు చేశాను అన్నవాడి గొంతే అది, కాకపోతే అధికారిని కూడా తనే కల్పించుకున్నాడు.

ఇది ఆటే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారని తెలుసు. అయ్యా, ఆటలోనే కదా ఖర్చు లేకుండా ఆలోచించే వీలుంది. కొయ్యూరు అడవిలో ఆ రోజు ఎవరికీ ఆ వీలు లేదు. బైరాన్‌పల్లి బురుజు మీద లేదు. దీపం కింద, చాయ్ తాగుతూ, చచ్చినవాడు నిజంగా చావని చోట కూడా చచ్చినవాడి వైపు నుంచి ఆలోచించలేనివాడు ఇంకెక్కడ ఆలోచిస్తాడు? ఆటను తీసిపారేసేది మీరు. నేను దాన్ని పట్టించుకుంటున్నాను కాబట్టే అరుస్తున్నాను.

దారి కూడా మా జనగామలోనే ఉంది. లింగాలఘనపురం మండలం మాణిక్యపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2017లో పోయారు ఆయన. డోలు మోగుతుంటే ఒక్క మనిషే మల్లన్న అవుతాడు, మరుక్షణం మల్లన్నకు ఎదురు తిరిగినవాడు అవుతాడు, ఇంకో క్షణానికి కొంగు నెత్తిన కప్పుకుని ఏడ్చే ఆడమనిషి అవుతాడు. దేవుడి వీరత్వం పలికిన నోరే ఆ వీరత్వం కింద నలిగినవాళ్ళ ఏడుపు కూడా ఏడవాలి. మధ్యలో వేషం మార్చుకునే తెర కూడా ఉండదు. పాత్ర నాది, బాధ నాది కాదు అనే వీలు ఒగ్గుకథకుడికి లేదు.

కాబట్టి వచ్చే శనివారం బల్ల చుట్టూ చేరేవాళ్ళకు నా డిమాండ్ ఇది. పుస్తకంలో జాతుల పక్కన అచ్చేసిన మంచి చెడు గళ్ళను పెన్నుతో కొట్టేయండి. పాలడిన్ ప్రమాణం రాసుకునేటప్పుడే, దాని ఖర్చు తన ఒంట్లోంచి, తన సొమ్ములోంచి, తన పరువులోంచి ఏది పోతుందో పక్కనే రాయించండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ పాత్రను బల్ల ఎక్కనివ్వకండి. పోరాటం అయిపోయిన ప్రతిసారీ, పాలడిన్ ఆడినవాడి చేతికే కాగితమిచ్చి, బతికి మిగిలిన గాబ్లిన్ల గూడెం పక్షాన ఒక పూట ఆడించండి. చచ్చినవాళ్ళ పేర్లు ఏమిటో వాడి నోటితోనే చెప్పించండి. చెప్పలేకపోతే ఆ పూట దేవుడి శక్తులు వాడికి ఇవ్వకండి.